మునెప్ప పాదాల గురించి నేను దాచింది

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలు పోవడమే. మోసేవాడికి బరువు తెలుస్తుంది, అడుగు తడబడుతుంది, ఎక్కడో ఒకచోట దించుకుంటాడు. నేను దాని మీద కూర్చున్నాను. కూర్చుని ఉపన్యాసాలు చెప్పాను, వ్యాసాలు రాశాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఈ కాగితం చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లందరి దగ్గరా ఇప్పటికే అబద్ధం ఆడి ఉన్నాను. మిగిలింది మీరే.

పేరు రాయడం లేదు. మదనపల్లెలో సైన్సు పాఠాలు చెప్పాననీ, మూఢనమ్మకాల మీద సగం జీవితం కలంతో కొట్లాడాననీ అంటే మా వైపువాళ్లు గుర్తుపడతారు. పట్టనివ్వండి.

మొక్కుల మీద, తాయెత్తుల మీద, పూనకాల మీద నేను రాసినంత కసిగా మా చుట్టుపక్కల ఇంకెవరూ రాయలేదు. ఎదుటివాడి వాదంలో దాగిన అబద్ధం నాకు రెండో వాక్యంలోనే దొరికిపోయేది. ఏ వేదిక మీదైనా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. మీరు చూసింది మొత్తం చెబుతున్నారా, మీకు పనికొచ్చినంత వరకే చెబుతున్నారా? ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణా? ఏమో. దానికీ ఒక జవాబు అల్లి ఉండేవాణ్ణేమో.

మునెప్ప పుంగనూరులో దర్జీ. పుట్టింది రామకుప్పం వైపు పల్లెలో. వరసగా రెండేళ్లు రాగిచేనును అడవిపందులు తొక్కేస్తే సేద్యం మీద విసుగుపుట్టి, పుంగనూరు వచ్చి కుట్టుమిషను పెట్టుకున్నాడు. చదువు అయిదో క్లాసు. మా సభలకు వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. ఒకసారి నేను గ్రహణం గురించి గంటసేపు మాట్లాడి కూర్చోగానే లేచి నిలబడ్డాడు.

"అంతా బాగుండాది అయ్యోరా. గ్రహణం పూట బువ్వ తినొచ్చు అన్నావు. తింటా. వండేదానికి మా ఆడామె ఒప్పుకోవల్ల గదా. ఆమెకు చెప్పేదానికి నువ్వొస్తావా, నన్నే పొమ్మంటావా?"

సభంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. మా వైపు బడిపంతుల్ని అయ్యోరు అంటారు. ఆ రోజు నుంచి నేను ఆయనకు సొంత అయ్యోరునయ్యాను.

ఆయనకు షుగరు. ఆ జబ్బు వచ్చిన కొన్నేళ్లకు పాదాలు మండడం మొదలైంది. మిరపకాయలు నూరి అరికాళ్లకు పూసినట్టుందనేవాడు. ఒక్కో రోజు చీమలు పాకినట్టు, ఒక్కో రోజు దూది మీద అడుగేసినట్టు. మండేవీ అవే పాదాలు, మొద్దుబారేవీ అవే పాదాలు. మిషను తొక్కుతుండగా కాలు పలక మీద నుంచి జారిపోయినా తెలిసేది కాదు. కుట్టు ఆగిపోతే అప్పుడు కిందికి చూసుకునేవాడు. ఆయన భార్య రత్నమ్మ తడిగుడ్డలు చుట్టేది, ఎవరిచేతనో మంత్రించిన తాడు తెచ్చి కాలికి కట్టింది. నేను ఊరుకుంటానా? ఆ తాడు నా చేత్తోనే తెంపేసి, ఆయన్ని మదనపల్లెలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆవిడ దూదితో తాకింది, సూదితో పొడిచింది, కళ్లు మూసుకోమని బొటనవేలు పైకి వంచానా కిందికి వంచానా అని అడిగింది. ఆయన సగం తప్పు చెప్పాడు. చక్కెర నరాలను దెబ్బతీస్తోందనీ, దెబ్బతిన్న నరం మంటపెడుతుందనీ, పూర్తిగా పోయిన నరం ఏమీ చెప్పదనీ ఆవిడ విడమరిచింది. మాత్రలిచ్చింది. తిండి విషయం చెప్పింది. వీటన్నిటితో పాటు రోజూ రెండు పూటలా నడవమంది. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించమంది, కూర్చున్నప్పుడు పాదాలు గుండ్రంగా తిప్పమంది. నడిస్తే చక్కెర అదుపులో ఉంటుంది, కాళ్లలో నెత్తురు బాగా ఆడుతుంది, మంట నెమ్మదిస్తుంది, కానీ నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి అంది. ఆఖర్న రెండు షరతులు పెట్టింది. ఉత్త కాళ్లతో అడుగు వెయ్యకూడదు. రోజూ సాయంత్రం అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోవాలి. దెబ్బ తగిలితే కాలు చెప్పదు, కన్నే చెప్పాలి.

ఇదంతా తెలుగులో కాగితం మీద రాసిచ్చింది నేను. ఉత్త కాళ్లు అన్న మాట కింద గీత గీసింది నేను. ఆయన దాన్ని మిషనుకు ఎదురుగా గోడకు అంటించుకున్నాడు.

మునెప్ప నడిచాడు. తెల్లవారుతూనే మదనపల్లె రోడ్డు పట్టుకుని చెరకుతోటల దాకా పోయి వచ్చేవాడు. సాయంత్రం మళ్లీ. "కొలతలు తీసేదానికి మనుషులు చాల్లేదని మునెప్ప రోడ్డును కొలస్తాండాడు" అని బజారువాళ్లు ఎగతాళి చేశారు. మొదటి రెండు నెలలూ ఏ మార్పూ లేదు. నన్ను చూస్తే దెప్పేవాడు, నీ నడక దేవుడు గూడా పలకలేదే అయ్యోరా అని. మూడో నెలలో ఒకరోజు పనిగట్టుకుని మదనపల్లె వచ్చాడు. మంట సగానికి సగం తగ్గింది, కంటినిండా నిద్ర పడుతోంది అని చెప్పడానికి. మొద్దుబారడం మాత్రం పోలేదు. అది తిరిగి రాకపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా ఆ మొహంలో వెలుగు చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఆ మాట నిజం. నేను రాక్షసుణ్ణి కాదు. రాక్షసుణ్ణయితే ఈ కథ చెప్పడం తేలికయ్యేది.

పుంగనూరులో షుగరున్నవాళ్లు ఇంకో ముగ్గురు ఆయనతో కలిసి నడవడం మొదలుపెట్టారు. వాళ్లలో గాజుల వ్యాపారం చేసే ఖాజా సాబు ఒకరు. ఆయన కాళ్లదీ అదే మంట. ఆయనకూ తగ్గింది.

నేను దీన్ని వ్యాసాల్లో రాశాను. తాడు కట్టుకున్న కాలికి తగ్గలేదు, నడిచిన కాలికి తగ్గింది. చూడండి, కారణం ఉంటే కార్యం ఉంటుంది. ఏ ఊరి సభకు పోయినా మునెప్పను లేపి నిలబెట్టి చూపించేవాణ్ణి. ఆయన సిగ్గుపడుతూ నిలబడేవాడు. ఆయన నాకు స్నేహితుడా, రుజువా? అప్పుడు ఆ తేడా నాకు కనిపించలేదు. ఇప్పుడు అది తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం కుప్పంలో వాదన పెట్టుకున్నాం. ఆ వైపు పల్లెల్లో భారతం చెప్పించిన తరవాత అమ్మవారి పేరున నిప్పుల గుండం తొక్కే ఆచారం ఉంది. కంకణం కట్టుకుని, ఉపవాసం ఉండి, మొక్కు ఉన్నవాళ్లే నడుస్తారు. మొక్కు లేనివాడు దిగితే మాడిపోతాడని అక్కడి పెద్దలు. ఎవరైనా నడవొచ్చని నేను. నిప్పుకణిక తన వేడిని పాదానికి అంత తొందరగా అందించలేదు, అడుగు నిలవకుండా చకచకా దాటేస్తే చర్మం కాలదు అని పలక మీద బొమ్మ గీసి చెప్పాను. అయితే దిగి చూపించండి అన్నారు. దిగుతామన్నాం. వచ్చే ఆదివారం మధ్యాహ్నం, ఊరి బయట మైదానంలో, మా గుంత, మా నిప్పులు. మావాళ్లు అయిదుగురు.

నలుగురి పేర్లు ఖాయమయ్యాయి. అయిదో పేరు దగ్గర నాకు ఒక వాక్యం తట్టింది. "మొక్కు లేకుండా, నడకతో బాగుపడిన పాదాలు, మొక్కు లేకుండానే నిప్పుల మీద నడిచాయి." ఎంత బాగుంది ఆ వాక్యం! రాయడం తెలిసినవాళ్లకు ఈ రోగం అర్థమవుతుంది. వాక్యం ముందు పుట్టింది. దానికి సరిపోయే మనిషిని తరవాత తెచ్చుకున్నాను.

ఆదివారం పొద్దున కుప్పం బస్టాండు పక్క టీ అంగడి బెంచీ మీద మేమిద్దరమే కూర్చుని ఉన్నాం. అక్కడ జరిగిన మాటలు మూడో మనిషి వినలేదు.

"అయ్యోరా, ఉత్త కాళ్లు పెట్టద్దని కాగితంలో నువ్వే రాసినావు గదా?" అన్నాడు మునెప్ప.

"అది ముళ్లకూ గాజుపెంకులకూ రాసింది. ఇది అయిదారు అడుగులే గదా. ముందు నేను నడుస్తా, నువ్వే చూస్తావు."

"నీ కాళ్లు వేరే అయ్యోరా. నీకు సురుక్కుమంటే లగెత్తుతావు. నాకు ఎవురు చెప్తారు? మొన్న గుండుసూది దిగితే సాయంత్రం అద్దంలో సూసినాక గదా తెలిసింది."

నేను టీ తాగుతున్నాను. గ్లాసు దించి అన్నాను.

"తెలీకపోతే మరీ మంచిది మునెప్పా. నొప్పి కూడా ఉండదు."

ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి నవ్వాడు. "సరే పా. మాటల్లో నీతో గెలిసేదానికి అయ్యే పనేనా?"

నేను కూడా నవ్వాను. చకచకా దాటాలి అని పలక మీద గీసి చూపించినవాణ్ణి నేను. నొప్పి తెలిసేవాడే చకచకా దాటుతాడని, నా లెక్క మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉందని నాకు తెలియదా? ఆయనే బెంచీ మీద కూర్చుని, అయిదో క్లాసు చదువుతో, నా శాస్త్రాన్ని నాకంటే సరిగ్గా చెప్పాడు. అర్థం కాలేదని చెప్పి తప్పించుకోలేను. అర్థమైంది. అర్థమైంది కాబట్టే చలోక్తి విసిరాను.

మధ్యాహ్నం నేను ముందు నడిచాను. అరికాళ్లకు చుర్రుమంది, కాళ్లు వాటంతట అవే పరుగు పెట్టాయి. ఏమీ కాలేదు. మిగతా ముగ్గురూ అలాగే దాటారు. చివర మునెప్ప పంచె ఎగ్గట్టి దిగాడు. నింపాదిగా నడిచాడు. చెరకుతోటల దాకా పోయేటప్పుడు ఎలా నడుస్తాడో అలా. జనం నోరు తెరుచుకుని చూస్తున్నారు. సగంలో ఆగాడు. ఆగి, వాళ్ల వైపు తిరిగి అన్నాడు. "యాలప్పా అట్ల సూస్తాండారు? నాకు సొక్కాయి కుట్టేదానికి కొలతలు తీస్తాండారా?"

జనం ఘొల్లుమన్నారు. ఆగావేం, కదులు, పరుగెత్తు అని నేను అరవాలి. అరవలేదు. చప్పట్లు కొట్టాను.

ఊరిపెద్దలు అయిదుగురి పాదాలూ చూశారు. బూడిద తప్ప ఏమీ కనపడలేదు. ఒప్పుకున్నారు. ఆ మనుషుల నిజాయితీ గురించి ఇప్పుడు తలుచుకుంటే తల వంగిపోతుంది. బొబ్బ లేచేదానికి కొంచెం సేపు పడుతుందని వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

పలమనేరు మీదుగా తిరిగొచ్చే బస్సులో మునెప్ప చెప్పులు విప్పాడు, తడిగా ఉందేమిటి అనుకుంటూ. ఎడమ పాదం కింద చర్మం సంచిలా ఉబ్బి చిట్లింది. ఆయన వంగి వేలితో తాకి చూసుకున్నాడు. నొప్పి లేదు. "ఇదేందిది అయ్యోరా" అన్నాడు, ఎవరిదో కాలు చూసినట్టు.  రేపు డాక్టరమ్మకు చూపిద్దామన్నాను.

మరునాడు చూపించలేదు. ఎందుకో రాస్తాను. కుప్పంలో తెలిస్తే అమ్మవారు కాల్చిందంటారు. చుట్టుపక్కల పల్లెలన్నిటిలో ఆ కథ పాకుతుంది, మా పదేళ్ల పని నీళ్లపాలవుతుంది. ఇది నేను నాకు చెప్పుకున్న కారణం. ఎంత పెద్దమనిషి కారణం! కానీ నిజం చెబితే నష్టమేమిటి? కాల్చింది అమ్మవారు కాదు, చచ్చిన నరం, దాన్ని తెలిసీ నిప్పుల్లోకి దింపినవాడు ఒక మూర్ఖుడు, అంతే కదా! నా వాదానికి అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. నిజం నా పక్షానే ఉంది. నేనే దాని పక్షాన లేను. కాపాడుకున్నది వాదాన్ని కాదు, గెలిచిన నన్ను.

ఆ రాత్రి ఆయన్ని ఇంటికి చేర్చగానే, పాదం చూసి రత్నమ్మ గుమ్మంలోనే అడిగింది. "నిప్పుల్లో కాలిందా అయ్యోరా?"

కుప్పం ప్రయాణానికని ఆవిడ సంతలో కొని తెచ్చిన కొత్త చెప్పులు, ఆయన అప్పుడే విప్పినవి, గుమ్మం పక్కనే ఉన్నాయి. నాకు అవి కనపడ్డాయి.

"లేదమ్మా. ఊరుఊరంతా చూసింది, ఒక్క బొబ్బ లేదు. కొత్త చెప్పులు కరిచినాయి."

పన్నెండు రోజుల తరవాత, వాసన మొదలయ్యాక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఎలా జరిగిందని ఆవిడ అడిగింది. మునెప్ప నా మొహంలోకి చూశాడు. నేను కొత్త చెప్పులన్నాను. ఆయన తల దించుకున్నాడు, ఔనన్నట్టు. నా కోసం. స్టవ్వు మీద గిన్నెలో సూదులు మరుగుతున్న ఆ గదిలో ఆయన నన్ను ఒడ్డున పడేశాడు. నేను ఆ చెయ్యి వదిలేశాను.

గాయం మానేదాకా నేల మీద కాలు పెట్టకూడదంది డాక్టరమ్మ. నడక ఆగిపోయింది. నడక ఆగిన నెలలోపే పాత మంట తిరిగొచ్చింది, రెండు కాళ్లకూ. మంచం మీద కూర్చుని మంచి పాదాన్ని గుండ్రంగా తిప్పుతూ ఉండేవాడు, ఎంతసేపయినా, పళ్లు బిగించి. గాయం నొప్పి ఎరగడు ఆయన. ఆయనను తిన్నది నడక లేని నొప్పి. ఒకసారి నన్ను చెయ్యి పట్టుకుని బతిమాలాడు, చెరకుతోటల దాకా వద్దు, బజారు మలుపు దాకా పోయొస్తాను, డాక్టరమ్మకు చెప్పద్దు అని. పసిపిల్లవాడిలా. వద్దన్నాను. ఉత్త కాళ్లు పెట్టమన్న నోటితోనే కాలు పెట్టద్దన్నాను.

మొదట వేలు పోయింది. తరవాత మోకాలి కింద కాలు. ఏడాదిన్నరకు మనిషి పోయాడు.

ఆ కాలు తీసేసిన నెలలోనే నా వ్యాసం అచ్చయింది. అయిదుగురి పాదాల్లో ఒక్కరికీ బొబ్బ లేదని రాశాను. ఆ అందమైన వాక్యం రాశాను. పత్రికలో వచ్చింది, తరవాత చిన్న పుస్తకంగా వచ్చింది, మళ్లీ మళ్లీ అచ్చువేశారు. నేను వద్దనలేదు. ఆయన సంతాపసభలో మాట్లాడింది కూడా నేనే. ఏం మాట్లాడానో గుర్తులేదు. బాగా మాట్లాడావని అందరూ అన్నది గుర్తుంది.

అబద్ధం అక్కడితో ఆగలేదు. ఆగుతుందని ఎందుకనుకున్నాను?

రత్నమ్మ ఆ తరవాత తన జన్మలో చెప్పులు తొడగలేదు. నేనే తెచ్చిచ్చినాను, నేనే సంపుకున్నాను అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని ఏడ్చేది. నా ముందు కూడా ఏడ్చింది. నేను నీ తప్పేం లేదమ్మా అన్నాను. తప్పు ఎవరిదో చెప్పకుండా నీ తప్పు లేదని ఎవరైనా అనగలరు. రెండేళ్ల కిందట ఆవిడ పోయింది, అదే నమ్మకంతో. నేను జీవితమంతా జనం బుర్రల్లోంచి అబద్ధపు నమ్మకాలు తీయడానికి తిరిగాను. ఒక ఇల్లాలి గుండెలో ఒకటి నా చేత్తో నాటి, పదిలంగా కాపాడాను.

పుంగనూరు బజారు ఇంకో పాఠం నేర్చుకుంది. చెప్పులేసుకుని రోజూ నడిచినందుకే మునెప్పకు పుండయింది, నడిచి నడిచి కాలు పోగొట్టుకున్నాడు అని. ఆయనతో నడిచే ముగ్గురూ నడక మానేశారు. అది నా చెవిన పడింది. నడక తప్పు కాదు, నిప్పులు తప్పు అని ఒక్క మాట చెబితే వాళ్లు మళ్లీ రోడ్డెక్కేవాళ్లు. చెబితే, ఒక్క బొబ్బ లేదని రాశావు గదా అని అడుగుతారు. చెప్పలేదు. డాక్టరమ్మ సలహా, మునెప్ప మూడు నెలల ఓపిక, ఖాజా సాబుకు తగ్గిన మంట, అన్నీ నా నోటి వెనకే సమాధి అయ్యాయి.

పోయిన నెల పనిమీద పుంగనూరు వెళ్లాను. ఖాజా సాబు అంగట్లో స్టూలు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. రెండు పాదాలకూ కట్లు. వేడినీళ్లలో కాళ్లు పెట్టాడట, వేడి తెలియక. మంట ఎలా ఉందని అడిగాను. "అడగొద్దు అయ్యోరా, కొరివితో సుట్టినట్టుండాది. మునెప్పను తినిన నడక నాకొద్దని ఆపొద్దే మానుకుంటి గదా" అన్నాడు.

అంగట్లో ఎవరూ లేరు. చెప్పాను. టీ అంగడి బెంచీ నుంచి గుమ్మం పక్క చెప్పుల దాకా, అంతా. ఆయన వింటూ గాజుల పెట్టె మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

"ఇబ్బుడా అయ్యోరా?" అన్నాడు.

 తిట్టలేదు. కట్లున్న కాళ్ల వైపు చూసుకున్నాడు. ఇప్పుడు ఆ కాళ్లతో నడవకూడదు. పుండ్లు మానేదాకా, మానితే. నేను చెప్పిన నిజం ఆయనకు దేనికీ పనికిరాదు. కాసేపు నిలబడ్డాను. ఆయన తల ఎత్తలేదు. వచ్చేశాను.

ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. చాలాసార్లు చించేశాను, ఎందుకంటే ప్రతిసారీ వాక్యాలు బాగా వస్తున్నాయి. బాగా వచ్చినవన్నీ కొట్టేసినా ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి, నాకు తెలుసు. క్షమించమని అడగను. క్షమించగలిగినవాళ్లలో ఇద్దరు లేరు, మూడో ఆయన తల ఎత్తలేదు. నాకు దక్కిందల్లా ఇది ఇక నా ఒక్కడి దగ్గరే లేదన్నది. అంతమాత్రానికే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.

మునెప్ప పాదాన్ని కాల్చింది చెప్పులు కాదు, అమ్మవారు కాదు, నడక కాదు. నిప్పు కాల్చింది. ఆయన కాలికి తెలియదని తెలిసీ దింపింది నేను. నా పాత వ్యాసాన్ని ఇకమీదట ఎవరైనా అచ్చువేస్తే దాని పక్కనే దీన్నీ వెయ్యండి. దీనికి చోటు లేకపోతే దాన్నీ వెయ్యకండి.